ముందు దోషం చెప్పాలి

డ్రిల్లు సార్ పోయాడని కోట ఊరి నుంచి ఫోను వచ్చినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట 'అయ్యో' కాదు. "పోయే ముందు నా గురించి ఏమన్నా అన్నాడా?" అని అడిగాను. అవతల మాట్లాడుతున్నది మా కార్డుల స్నేహితుడు, కోటలో రొయ్యల గుంటలు చేసే ఆయన. పాపం, కాసేపు నీళ్ళు నమిలాడు. "ఏం అన్లేదన్నా. నిద్దర్లోనే పోయినాడంట" అన్నాడు.

అదృష్టవంతుడు. నిద్రలో పోయేవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేరు. నేను అడగాల్సింది ఒక్కటే ప్రశ్న ఉండింది. నా దగ్గర పాత క్రికెట్ కార్డు ఒకటి ఉండేది. దాని వెనక మా అక్క పెన్సిల్‌తో రాసుకున్న రెండు వాక్యాలు ఉండేవి. బాగుచేసి ఇస్తానని తీసుకుని ఈ పెద్దమనిషి ఆ రెండు వాక్యాలూ చెరిపేశాడు. చదివి చెరిపాడా, చదవకుండా చెరిపాడా? రెండేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఇదే.

ఇన్నేళ్ళలో ఆయన్ని నేను 'గారు' లేకుండా తలుచుకుని ఎరగను. ఇప్పుడు 'అన్నాడు, పోయాడు' అని రాస్తుంటే చదివేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉండవచ్చు. ఉండనివ్వండి. ఆ మర్యాద ఆయన చేతులారా పోగొట్టుకున్నదే. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. అదీ నా ఖర్మ.

సూళ్లూరుపేటలో రైలు గేటు దాటాక వచ్చే సందులో ఆయన ఇల్లు. మిషన్ స్కూల్లో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన రిటైరయ్యాడు గానీ జేబులో ఈల రిటైరవలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, సందులో ఎవడన్నా మోటారు సైకిలు జోరుగా తోలితే చాలు, ఈల ఊదేవాడు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర గుంజిళ్ళు తీసినవాళ్ళే. తల నెరిసిన మనుషులు కూడా బండి దిగి తోసుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఒకసారి శ్రీహరికోటలో రాకెట్ల పని చేసే ఇంజనీరొకాయన ఈల విని కారు ఆపి, దిగి, నిటారుగా నిలబడ్డాడు. "చొక్కా లోపలికి దోపు" అన్నాడు ఈయన. అంత పెద్ద ఇంజనీరూ నడి సందులో చొక్కా దోపుకున్నాడు.

కాళ్ళకు ఎప్పుడూ తెల్ల కాన్వాసు బూట్లు. శనివారం సాయంత్రం వాటికి సుద్ద పూసి వరండా గోడ మీద ఆరబెట్టేవాడు, ఆదివారం ఉదయం చర్చికి అవే వేసుకుని పోయేవాడు. టీ సాసర్లో పోసుకుని తాగేవాడు. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగిరేవి. కోపం వస్తే తిట్టు తెలియదు. "పది రౌండ్లు!" అనేవాడు. టీలో చక్కెర తక్కువైతే భార్యను కూడా అదే మాట. ఆమె లోపలి నుంచే "మీరే తిరిగి రండి, ఆకలన్నా అవతాది" అనేది.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయి భోజనాలు అయ్యాక, ఆ వరండాలో మేము చేరేవాళ్ళం. నేను ఆ ఊళ్ళోనే మందుల అంగడి పెట్టుకున్నవాణ్ణి. కోట నుంచి రొయ్యల గుంటలాయన బుల్లెట్ మీద వచ్చేవాడు. మెడ్రాసు నుంచి రైలెక్కి ఒక పెద్దాయన వచ్చేవాడు, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు. మా అందరికీ ఒకటే పిచ్చి. మా చిన్నతనంలో బబుల్ గమ్ పొట్లంలో క్రికెట్ ఆటగాడి కార్డు ఒకటి వచ్చేది. అరచేతిలో పట్టే అట్టముక్క. ముందు ఆటగాడి బొమ్మ, వెనక బూడిదరంగు ఖాళీ అట్ట. గమ్ కోసం కొన్నవాళ్ళు కార్డు పారేసేవాళ్ళు. కార్డు కోసం కొన్నవాళ్ళు గమ్ బెంచీ కింద అంటించేవాళ్ళు. ఆ కార్డుల్ని ఇప్పుడు వెతుక్కుని దాచుకునేవాళ్ళం మేము. మా ఇంట్లోవాళ్ళు మమ్మల్ని ఏమనుకునేవాళ్ళో రాయనక్కర్లేదు.

కార్డుల పెట్టె తెరిచే ముందు డ్రిల్లు సార్ మా గోళ్ళు చూసేవాడు. నిజంగానే. అందరం సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, వరసలో నిలబడి చేతులు చాపాలి. రొయ్యల మేత పట్టిన చేతులని కోటాయన్ని రెండోసారి కడుక్కోమనేవాడు. మెడ్రాసు పెద్దాయన బ్యాంకులో పెద్ద హోదాలో చేసినవాడు, ఆయనా చాపేవాడు. అదంతా మాకు ఆటగా ఉండేది.

ఆ తర్వాత అసలు పద్ధతి. కార్డు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఇచ్చేవాడు దాన్ని బోర్లా పట్టుకుని ముందు దోషాలన్నీ తన నోటితో చెప్పాలి. మూల అరిగిందా, మడత పడిందా, చెమ్మకు వంగిందా, చెద కొరికిందా, అన్నీ. తీసుకునేవాడు విని "ఒప్పుకున్నా" అనాలి. అప్పుడే కార్డు తిప్పి మొహం చూపించాలి. బొమ్మ చూశాక ఎవడికైనా కళ్ళు మూసుకుపోతాయి, అందుకని దోషం ముందు, అందం తర్వాత. చెప్పని దోషం తర్వాత బయటపడితే ఆ మనిషి మళ్ళీ వరండా ఎక్కకూడదు. ఈ పద్ధతి పెట్టింది డ్రిల్లు సారే.

ఎంత అరుగుదల వరకూ ఒప్పుకోవచ్చు అన్నదాని మీద మాకు జరిగినన్ని యుద్ధాలు అసెంబ్లీలో కూడా జరిగి ఉండవు. మెడ్రాసు పెద్దాయనకు మూలలు సూదుల్లా ఉండాలి. ఆయన పదికి ఇన్ని మార్కులని వేసేవాడు. కోటాయనకు ఏ దెబ్బ తగిలినా ఫరవాలేదు గానీ వెనక రాత ఉండకూడదు. "ఇంకొకరి పేరున్న వస్తువు నా ఇంట్లో ఎందుకన్నా, అది ఎప్పటికీ వాళ్ళదే అయి కూర్చుంటాది" అనేవాడు. నాకు ఏదైనా సరే. డ్రిల్లు సార్ మాత్రం సాసర్ కింద పెట్టి, ప్రేయర్లో నిలబడ్డట్టు నిలబడి చెప్పేవాడు.

"మూల అరిగిందంటే ఎవడో పిల్లోడు ఆడినాడని అర్థం. మడత పడిందంటే నిక్కరు జేబులో పండుకోనుండిందని. గమ్ మరకంటే పుట్టుమచ్చ. రాత ఉంటే అది జాతకం. వయసు మీద వచ్చినవన్నీ ఒప్పుకోవాల అబ్బయ్యా. మనం మటుకు ఎట్లుండాం? ఈ సార్ చెప్పే పదికి పది కార్డుండాదే, దాంతో ఏ బిడ్డా ఆడలా. అది కార్డు గాదు, అనాథ."

"మరి అంచులు కత్తిరించి మూలలు కొత్తగా చేస్తే?" అని మెడ్రాసాయన కావాలని గెలికేవాడు.

"అది దోషం గాదు సార్. దొంగతనం. పది రౌండ్లు గాదు, స్కూలు నుంచే పంపించేయాల."

భుజాలు ఎగిరేవి. మేమూ నవ్వేవాళ్ళం.

మురికి తీయడానికి ఆయన దగ్గర ఒక విద్య ఉండేది. బ్రెడ్డు లోపలి మెత్తటి భాగాన్ని ఉండలా నలిపి కార్డు మీద మెల్లగా దొర్లించేవాడు. ఏళ్ళనాటి మురికి ఆ ఉండకు అంటుకుని వచ్చేది. రబ్బరు ముట్టనిచ్చేవాడు కాదు. "రబ్బరు గీరతాది. బ్రెడ్డయితే అడగతాది" అనేవాడు. పక్కనే హద్దు కూడా చెప్పేవాడు: "గాలి పెట్టిన మురికి తియ్యొచ్చు. మనిషి చేత్తో పెట్టింది తియ్యగూడదు. పేరు రాసినా, పరుగుల లెక్క రాసినా, ఆఖరికి బూతు రాసినా సరే." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. నా చెవులారా విన్నాను.

ఇంకొకటి చెప్తే ఆయన్ని నేను ఎందుకు అంత నమ్మానో తెలుస్తుంది. ఆయన కార్డులు చాలావరకు స్కూల్లో పిల్లల దగ్గర లాక్కున్నవి. ఆ మాట దాచేవాడు కాదు. "నా పెట్టెలో మొదటి దోషం ఇదే" అని ఆయనే ముందు చెప్పేవాడు. ఒక ఆదివారం సందు మొగలో లారీ ఆపి, లుంగీ సర్దుకుంటూ ఒక డ్రైవరు వచ్చాడు. వరండా మెట్టు కిందే నిలబడి, "సార్, నేను ఏడో క్లాసులో ఉండంగా నా కాడ ఫాస్ట్ బౌలర్ కార్డు లాక్కున్నారు" అన్నాడు. డ్రిల్లు సార్ అతన్ని తేరిపార చూశాడు. "ముందు గోళ్ళు చూపించు" అన్నాడు. తర్వాత లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చి, వెతికి, ఆ కార్డు తీసి బోర్లా పట్టుకున్నాడు. "కింది మూల అరిగింది. అది నీ చేతిలోనే అరిగింది. చెమ్మకు వంగింది, అది నా తప్పు. ఒప్పుకున్నావా?" అన్నాడు. అంతటి లారీ డ్రైవరూ బడిపిల్లాడిలా తల ఊపాడు. ఆ కార్డుకు మా మెడ్రాసాయన తన సగం పెట్టె ఇచ్చేవాడు. డ్రిల్లు సార్ మాత్రం ఊరికే ఇచ్చి పంపేశాడు.

అది చూశాకే మా అక్క కార్డు ఆయన చేతిలో పెట్టాలన్న ధైర్యం వచ్చింది.

మా అక్క వికెట్ కీపరు. కోటలో మా వీధి పిల్లలు ఆడపిల్లకు బ్యాటు ఇచ్చేవాళ్ళు కాదు, స్టంపుల వెనక నిలబెట్టేవాళ్ళు. పావడా దోపుకుని నిలబడేది. బంతి ఒక్కటి వదిలేది కాదు. ఆమెకు గమ్ పొట్లంలో వికెట్ కీపరు కార్డు వచ్చిన రోజు నేను లాక్కోబోయాను. ఇవ్వకుండా పళ్ళతో కరిచి పట్టుకుంది. కార్డు ఎడమ మూలన పంటి గాటు అట్లాగే ఉండిపోయింది. ఆ రాత్రే వెనక పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాసిపెట్టుకుంది: "ఇది నాది. తమ్ముడికి గూడా ఇయ్యను."

పై ఎండాకాలంలో పచ్చకామెర్లు వచ్చి అక్క పోయింది. అమ్మ చూడలేక ఆమె పుస్తకాలు, బట్టలు, పలక, అన్నీ తీసేసింది. అక్క కార్డును గోడ క్యాలెండరు వెనక దాచుకుందని ఎవరికీ తెలియదు. ఇంటికి సున్నం కొట్టేటప్పుడు అది నా కాళ్ళ దగ్గర పడింది. అక్క చేతిరాత ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. దాన్ని నేను ఎవరికీ చూపించలేదు. కట్టుకున్న భార్యకు కూడా అక్క సంగతి సరిగా చెప్పలేదు.

మా పక్క ఉప్పుగాలి, పులికాట్ చెమ్మ. కార్డు దొప్పలాగా వంగిపోతూ వచ్చింది. మూలన తెల్లటి బూజు కూడా మొదలైంది. ఇక భయం వేసి ఒక ఆదివారం మిగిలినవాళ్ళు వెళ్ళాక సార్ చేతికిచ్చాను. పద్ధతి ప్రకారం బోర్లా పట్టుకుని చెప్పాను. "చెమ్మకు వంగింది. బూజు పట్టింది. ఎడమ మూలన పంటి గాటు ఉండాది. వెనకాల పెన్సిల్ రాత ఉండాది. అది అట్నే ఉండాల సార్."

"ఒప్పుకున్నా" అన్నాడు. తిప్పి చూసి, పంటి గాటు మీద వేలు పెట్టి మురిసిపోయాడు. "ఇదబ్బయ్యా కార్డంటే! కరిచి పెట్టుకున్న కార్డు నేను యాడా చూళ్ళా. నాలుగు వారాలు పెద్ద బైబిలు కింద పెడతా, తిన్నగా అవతాది. రాత సంగతి నాకు వదిలెయ్." ఎవరిదని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ నెలలోనే తుఫాను ముసురు పట్టింది. గేటు దాటిన సందులన్నీ మునిగాయి. నీళ్ళు తగ్గాక నేను పరుగెత్తుకుంటూ పోయాను. ఆయన వరండాలో తడిసిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, లోపలి నుంచి ఏదో తెచ్చి అరచేయి తెరిచాడు. బూడిదరంగు అట్ట, నాని ముద్దయిపోయి ఉంది. "పోయిందబ్బయ్యా. నీళ్ళు బైబిలు బల్ల దాకా వచ్చినాయి. నన్ను నమ్మి ఇచ్చినావు. ఏ మొహం పెట్టుకోని చూపించేది" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెద్దవాడు అట్లా ఏడుస్తుంటే నేనేం చేస్తాను? భుజం పట్టుకుని, "పోనీండి సార్, వానకు మీరేం చేస్తారు, అట్ట ముక్కే గదా" అని నేనే ఓదార్చాను. ఆయనకు టీ కలిపి సాసర్లో పోసి ఇచ్చింది కూడా నేనే.

ఆ ముద్దను గుడ్డలో చుట్టుకుని తెచ్చుకున్నాను. చిన్నపిల్ల కాబట్టి అక్కను పూడ్చిపెట్టారు, నదిలో కలపడానికి ఏమీ మిగల్లేదు. నేను ఆ ముద్ద తీసుకుని కోట అవతల సముద్రపు ఒడ్డుకు పోయి, మొలలోతు నీళ్ళలో నిలబడి వదిలి వచ్చాను. ఏడ్చాను కూడా. ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న పట్టపువాళ్ళు ఎవరు పోయారో అనుకుని నన్ను పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. సార్ ఆల్బంలో ఎప్పటి నుంచో ఒక గడి ఖాళీగా ఉండేది. ఎడమచేతి స్పిన్నరు కార్డు. ఆ ఒక్కటీ దొరికితే ఆయన సెట్టు నిండుతుంది. ఆ గడి చూపించి "పన్ను ఊడిన నోరు" అని వాపోయేవాడు. ఆ చలికాలంలో ఆల్బం తెరిస్తే స్పిన్నరు అందులో కూర్చుని ఉన్నాడు. నేను సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. "యాడ దొరికింది సార్?" అంటే, "దేవుడిచ్చినాడబ్బయ్యా" అన్నాడు. దేవుడు! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళ కిందట కోటలో రొయ్యల గుంటలాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కార్డుల కోసం విడిగా ఒక గది, దానికి ఏసీ. చూడటానికి పోయాను. మర్యాదలన్నీ అయ్యాక ఒక కార్డు తీసి, మన పద్ధతే కదా, బోర్లా పట్టుకున్నాడు.

"అన్నా, ముందు దోషాలు. పై మూల అరిగింది. కొంచెం వంపుండాది, సాపు చేసినారు. ఎడమ మూలన ఎవురో కరిచిన గాటుండాది."

అతను చెప్పుకుంటూ పోతున్నాడు.

"వెనకాల పెన్సిల్ రాత ఉన్నింది, చెరిపినారు. కిటికీ కాడ ఏటవాలుగా పెడితే గాడి కనపడతాది. డ్రిల్లు సారే ఇచ్చినాడు, దోషాలన్నీ ముందే చెప్పి ఇచ్చినాడులే. రాతుంటే నాకొద్దని చెప్పినా. మరుసటి వారం రాత తీసి తెచ్చినాడు. నా కాడ స్పిన్నర్లు ఇద్దరుంటే ఒకటి ఆయనకిచ్చినా. ఇదంతా ఎవురికీ చెప్పొద్దన్నాడు గానీ, నీ కాడ దాపరికమేంది. ఒప్పుకున్నావా?"

చేయి చాపి కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి పోయాను. ఎండకు వంచితే, అక్క నొక్కి రాసిన అక్షరాలు గీతలు గీతలుగా, ఒట్టి పల్లాలుగా కనిపించాయి. సీసం లేదు, నలుపు లేదు. చెప్పుల గుర్తులు మాత్రం మిగిలి మనిషి పోయినట్టు. కోటాయనకు అప్పుడు జరిగిందంతా చెప్పాను. అక్క అని మాత్రం అనలేదు, "మా ఇంటి కార్డు" అన్నాను. అతను తల పట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత లేచి కార్డు నా జేబులో పెట్టాడు. "దీనికి నాకేం ఇయ్యొద్దన్నా, తీస్కపో" అన్నాడు.

చూశారా? అవతలి మనిషికి ఒక్క దోషం కూడా దాచకుండా చెప్పాడు. తన పద్ధతి తు.చ. తప్పలేదు. కార్డు విషయంలో అంత నీతి. నాకేమో ఏ సబ్బు పెట్టె అట్టో నానబెట్టి అరచేతిలో పెట్టి చూపించాడు. నేను దానికి కర్మ చేసి వచ్చాను!

మర్నాడే ఆయన ఇంటికి పోయాను. అప్పటికి ఆయనకు చూపు బాగా తగ్గింది. భూతద్దం వదిలేసి వేళ్ళతో తడిమి కార్డు చెప్పేవాడు. నా అడుగుల చప్పుడు పోల్చుకుని, "గోళ్ళు చూపించు" అన్నాడు, చూపు లేకపోయినా. నేను కార్డు ఆయన చేతిలో పెట్టి, "దోషాలు చెప్పండి సార్" అన్నాను. అంతే అన్నాను.

వేలు మూలల మీద నడిచింది. ఎడమ మూలన ఆగింది. పంటి గాటు తగలగానే ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. అయినా డ్రిల్లు సార్ కదా, నడుం నిటారుగానే ఉంది. "పై మూల అరిగింది" అన్నాడు. "వంపు తీసినారు. పంటి గాటుండాది." కార్డు తిప్పి వేలికొసతో వెనక తడిమాడు. చాలాసేపు తడిమాడు. "రాత చెరిపినారు" అన్నాడు. "చెయ్యి తిరిగినోడే చెరిపినాడు."

"ఎవరు సార్?"

"అది కార్డు దోషం గాదు గదా అబ్బయ్యా" అన్నాడు మెల్లగా.

"ఏం రాసుండిందో తెలుసా మీకు?"

కార్డు నా వైపు చాపాడు. నేను తీసుకోవడం ఆలస్యమైతే గాల్లోనే పట్టుకుని ఉన్నాడు. తీసుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ వరండా ఎక్కలేదు. దోషం చెప్పనివాడు కదా ఎక్కకూడనిది, నేను మానుకున్నాను.

ఆ రోజు నుంచి ఒక్క సాకు పట్టుకుని వేళ్ళాడుతూ వచ్చాను. చదివి ఉండడు. పాత కార్డుల వెనక పిల్లలు ఎన్ని పరుగుల లెక్కలు గీకుతారు, ఇదీ అట్లాంటి గీతలే అనుకుని ఉంటాడు. చదివి ఉంటే చెరిపేవాడు కాదు. లారీ డ్రైవరుకు కార్డు ఇచ్చి పంపిన మనిషి చదివి చెరుపుతాడా? ఈ ఒక్క సాకు మిగిలితే ఆయన్ని మూల అరిగిన కార్డు కింద లెక్కేసి ఎప్పటికైనా ఒప్పుకోగలను అనుకున్నాను. కానీ మళ్ళీ పోయి అడుగుదామంటే మనసు రాలేదు. ఇప్పుడు ఆయనే లేడు.

ఆయన పేరున చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికకు కోటాయన బలవంతం మీద పోయాను. సందులో షామియానా వేశారు. గుంజిళ్ళు తీసినవాళ్ళంతా వచ్చారు. లారీ డ్రైవరు కూడా వచ్చాడు, మైకు పట్టుకుని తన కార్డు కథ చెప్పి ఏడ్చాడు. నిజాయితీ అంటే మా సారే అన్నారు ఒకరు. ముక్కుసూటి మనిషి అన్నారు ఇంకొకరు. పాస్టరు గారు నా వైపు చూసి "మీరు కూడా రెండు మాటలు" అన్నారు. లేచాను. "సార్ దగ్గర చాలా నేర్చుకున్నాను" అని కూర్చున్నాను. పక్కన కోటాయన తల వంచుకుని చెప్పు కొసతో నేల రాస్తున్నాడు.

భోజనాల దగ్గర ఎవరో వచ్చి అమ్మగారు లోపలికి రమ్మంటున్నారు అన్నారు. సార్ భార్య మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన ఆ ఆల్బం.

"అందరూ మంచే చెప్పినారు నాయనా" అంది. "ఆయన పద్ధతి ఒక్కరికీ గుర్తు రాలా. నువ్వన్నా చెప్తావేమోనని చూసినా."

"ఇప్పుడెందుకులేమ్మా" అన్నాను. అని ఆగలేకపోయాను. "ఆయన అది చదవలేదమ్మా. చదివుంటే చెరిపేవారు కాదు. నేను అట్లా అనుకునే ఉన్నాను."

ఆమె గోడ వైపు చూస్తూ అంది: "ఇది నాది. తమ్ముడికి గూడా ఇయ్యను."

అక్క రాసిపెట్టిన ఆ మాటలు ఎవరూ పైకి పలకగా నేను ఎప్పుడూ వినలేదు.

"నాకు చదివి వినిపించినాడు నాయనా" అంది ఆమె. "ఇద్దరం నవ్వుకున్నాం. పిల్ల గట్టిదే అన్నాడు. ఆమీట కాసేపు అట్నే పట్టుకోని కూర్చున్నాడు. 'తమ్ముడికి గూడా ఇయ్యనని రాసుకునిందే, మరి ఈ అబ్బయ్య చేతికి ఎట్లొచ్చిందంటావ్? ఆ పిల్ల లేదు' అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడుచుకోని, బ్రెడ్డు తెమ్మన్నాడు."

బయట వడ్డించేవాళ్ళు సాంబారు, సాంబారు అని తిరుగుతున్నారు.

"తెచ్చిచ్చింది నేనే" అంది. "దోషం చెప్పకుండా మనిషిని పూడ్చి పెట్టగూడదు గదా, అందుకని చెప్పినా. ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం నాయనా."

ఆమె కాళ్ళ వైపు చూసి దండం పెట్టి బయటికి వచ్చాను. వరండా గోడ మీద తెల్ల బూట్లు ఉన్నాయి, ఎవరో సుద్ద పూసి పెట్టారు. కోటాయన చేయి కడుక్కుని నా కోసం బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమనిందన్నా?"

"దోషం చెప్పింది."

అతను బండి స్టార్టు చేయకుండా నా మొహం చూశాడు. "ఒప్పుకున్నావా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.